డ్రమ్ములో మిగిలిన దాణా

దాణా సంచి మీద ఏమేం అచ్చు వేసి ఉండాలో నాకు నోటికి వచ్చు. తయారు చేసినవాడి పేరు, ఊరు. ఏ పశువుకు పెట్టాలి, రోజుకు ఎంత పెట్టాలి. ముడి మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, ఇసుక, ఒక్కొక్కటి నూటికి ఎంత. బ్యాచ్ నంబరు, తయారైన నెల, బరువు. యూరియా కలిపితే ఆ ముక్క విడిగా, కంటికి కనబడేలా, చిన్న దూడలకు పెట్టకూడదన్న హెచ్చరికతో సహా. వీటిలో ఒకటి లేకపోయినా కేసు రాయవచ్చు. ఉన్నది అబద్ధమైనా రాయవచ్చు. పశుసంవర్ధక శాఖలో కాంట్రాక్టు మీద చేరిన కొత్తలో, పటాన్‌చెరులో నా కిరాయి గది నుంచి సంగారెడ్డి ఆఫీసుకు పోయే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఈ వరుస వల్లె వేసుకునేవాణ్ణి.

నేను డెయిరీ టెక్నాలజీ చదివాను. తనిఖీ బృందం అని కాగితం మీద పెద్దగా ఉంటుంది కానీ ఉన్నది ముగ్గురం. పశువైద్యురాలు, ఆమెను అందరం డాక్టర్ మేడం అంటాం. జీపు నడిపే చాచా, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నేను. మేడం పశువును చూస్తుంది, నేను సంచిని చూస్తాను, చాచా మా ఇద్దరినీ చూసి నవ్వుతాడు. "మేడం నాడి పడ్తది, నువ్వు నామం సదువుతవ్. ఇద్దర్ల ఎవరు డాక్టరో ఆ బర్రెకే తెల్వాలె" అనేవాడు.

ఆ వానాకాలం మేం వెతుకుతున్నది యూరియాను. ఒక కంపెనీ దాణాలో, ఒకే బ్యాచ్‌లో, అది కలుస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. సంగతి తేలికగానే చెప్పవచ్చు. దాణాలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో ల్యాబు నేరుగా కొలవదు. నత్రజని ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి లెక్క కడుతుంది. యూరియాలో దాదాపు సగం నత్రజనే. పల్లీ చెక్క, సోయా చెక్క వేయాల్సిన చోట ఊక, పొట్టు పోసి, పైన నాలుగు దోసిళ్ళ యూరియా చల్లితే ల్యాబులో వచ్చే అంకె సంచి మీది అంకెతో చక్కగా సరిపోతుంది. కొద్దిగా, బాగా కలిపి, పొడిగా పెడితే పెద్ద పశువు దాన్ని అరాయించుకుంటుంది. గడ్డలు గడ్డలుగా ఉన్నదాన్ని నీళ్ళలో నానబెట్టి తాగించితే మాత్రం అంతా ఒక్క గుక్కలో పొట్టలోకి పోయి అమ్మోనియా అవుతుంది. అక్కణ్ణుంచి రక్తంలోకి. ఆ తర్వాత పెద్దగా టైము ఉండదు.

ఇక్కడి ఇళ్ళలో దాణాను నానబెడతారు. తవుడు, కడుగునీళ్ళు, దాణా కలిపి గోలెంలో పోసి, కుడితి చేసి, సాయంత్రం పాలు పిండే ముందు తాగిస్తారు. సంచి మీద ఏ పశువుకు ఎంత అని రాసి ఉంటుంది. కుడితి సంగతి ఎవరూ రాయరు.

బొంతపల్లి దాటాక లోపలికి పోయే ఒక ఊళ్ళో బర్రె చచ్చిపోయిందని ఫోన్ వచ్చిన పొద్దున వాన పడుతోంది. మేం పోయేసరికి దాన్ని ఇంటి వెనక చింతచెట్టు కిందికి ఈడ్చి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. పట్టా మీద వాన చప్పుడు చేస్తోంది. కడుపు ఎంత ఉబ్బిందంటే పైకాలు నేలకు తగలకుండా గాల్లో నిలబడి ఉంది.

బర్రె యజమానురాలికి ముప్పై ఐదేళ్ళు ఉంటాయి. బొల్లారంలో ఒక మందు గోలీల కంపెనీలో ప్యాకింగు పని. ఆ రోజు సెలవు పెట్టింది. భర్త లేడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త, రెండు బర్రెలు. ఇప్పుడు ఒకటి. ఆ మిగిలిన బర్రె కొట్టంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. నిండు సూడిది.

"నిన్న పొద్దుమీకినంక తాగింది మేడం" అంది ఆమె. "గోలెం మొత్తం ఒక్కతే తాగింది. ఎప్పుడు గట్లనే, దానికి ఆశ జాస్తి. ఇంకోదానికి సుక్క మిగల్చలే."

"తాగినంక ఎంతసేపటికి పడ్డది?" అడిగింది డాక్టర్ మేడం.

"నేను గిన్నెలు కడిగి బోర్లిస్తున్న. అంతే. సెవులు గుంజుడు మొదలువెట్టింది. మొకం మీద తోలు అదురుతనే ఉంది. ఇగ పండ్లు కొరుకుడు..." అని ఆగి, "ఆ సప్పుడు ఇనలేక నేను బయటికొచ్చిన" అంది.

ఆమె అత్త గడప మీద కూర్చుని ఉంది. "వాసనొచ్చింది బిడ్డా" అంది నావైపు చూసి. "గోలెం కాడ ముక్కు మండింది. ఫ్యాక్టరోల్లు ఇడ్సిపెట్టిన్రనుకున్న. ఈడ రోజు గదే వాసన గద."

నాకూ అలాగే అనిపించి ఉండేది. ఈ చుట్టుపక్కల ఏ పూట ఏ వాసన వస్తుందో అందరికీ తెలుసు. కుళ్ళిన గుడ్డు వాసన, స్పిరిటు వాసన, కళ్ళు మండే వాసన. ముక్కు ఎప్పుడో చెప్పడం మానేసింది, చెప్పినా వినేవాళ్ళు లేరు.

మేడం చేతికి పొడుగు గ్లౌజు తొడిగి కడుపు కోసింది. పొట్ట తెరవగానే చాచా నాలుగడుగులు వెనక్కి పోయి ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. అది శవం వాసన కాదు. పెద్ద బస్టాండు మూత్రశాలలో ఎండాకాలం మధ్యాహ్నం వచ్చే వాసన. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఏ దాణా పెట్టిన్రమ్మా?" అని మేడం అడిగింది.

ముసలమ్మ లేచి లోపలికి పోయి, మూతి తాడుతో కట్టిన సగం సంచిని ఈడ్చుకొచ్చింది. "గీ కంపెనీదే" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ కంపెనీ సంచే. మేం వెతుకుతున్న బ్యాచే. యూరియా మాట దాని మీద ఎక్కడా లేదు. నేను ఒక్కొక్క వరుసా ఫోటో తీశాను. తడిస్తే శాంపిలు పనికి రాదు. వాన ఆగేలా లేదు. అందుకని సంచి మూతి విప్పకుండా అలాగే లక్క సీలు వేసి ఆఫీసుకు తీసుకుపోయి, మర్నాడు సాక్షుల ముందు తెరిచి శాంపిలు తీద్దామని మేడం నిర్ణయించింది. అది పద్ధతి ప్రకారమే. పంచనామా రాయడానికి బల్ల లేదు. గోడ పక్కన ఒక నీలం డ్రమ్ము ఉంది, ఫ్యాక్టరీల నుంచి ఖాళీగా అమ్ముడుపోయి ఊళ్ళలోకి వచ్చే రకం, మూతికి ఇనుప పట్టీ ఉండేది. ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఉంటాయి. దాని మూత మీద కాగితాలు పెట్టుకుని, వాన పడకుండా చాచా గొడుగు పట్టుకుంటే, నేను పంచనామా రాశాను.

"ఈ సంచిల దాణా ఇగ ఏ పశువుకూ పెట్టొద్దు" అని మేడం ముసలమ్మకు రెండుసార్లు చెప్పింది.

"పెట్ట బిడ్డా. మీరే తీస్కపోతున్రు గద" అంది ముసలమ్మ.

మేం జీపు ఎక్కుతుంటే కోడలు వెనకే వచ్చింది. మేడంతో కాదు, నాతో మాట్లాడింది. "తమ్మీ, ఇంకోదానికి ఏం కాదు గద? ఇది ఈనితేనే మా ఇంట్ల పాలు. ఇది గూడ పోతే మల్ల బర్రెను కట్టే తాకత్ నాకు లేదు."

"అది తాగలేదు కదక్కా, ఏం కాదు" అన్నాను.

ఆ ఊళ్ళో ఇంకొన్ని ఇళ్ళు తిరిగి అదే అచ్చు ఉన్న సంచులు పట్టుకున్నాం. అడగ్గానే అందరూ తెచ్చి ఇచ్చారు. మధ్యాహ్నం వాటిని అమ్మిన దుకాణం మీద పడ్డాం. దుకాణదారు మంచినీళ్ళు ఇచ్చాడు, కుర్చీలు వేశాడు, తర్వాత అన్నాడు: "కంపెనీ కుట్టిన సంచి కుట్టినట్టే అమ్మిన సార్. లోపలేమున్నదో సంచినడుగాలె గని నన్నడుగుతరేంది?" కుట్టు విప్పని సంచులన్నీ ఒక గదిలో పెట్టి తలుపుకు సీలు వేశాం. వాటిలో ఒకదాన్ని మాతో తెచ్చుకున్నాం. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను.

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. మధ్యాహ్నం ఆఫీసు వరండాలో ఇద్దరు సాక్షులను కూర్చోబెట్టుకుని సంచులు తెరిచాం. ల్యాబు రిపోర్టుకు రోజులు పడుతుంది కాబట్టి నేను చేసే చిన్న పరీక్ష ఒకటుంది. చిటికెడు దాణాను గోరువెచ్చటి నీళ్ళలో వేసి, పచ్చి సోయా గింజల పిండి కలిపి, పైన తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం వేలాడదీసి మూత పెట్టాలి. పచ్చి సోయాకు యూరియాను విరిచి అమ్మోనియా చేసే గుణం ఉంది. యూరియా ఉంటే కాగితం నీలంగా మారుతుంది. లేకపోతే ఎర్రగానే ఉంటుంది.

దుకాణం సంచిలోంచి తీసింది మూత పెట్టీ పెట్టకముందే నీలం అయింది. చచ్చిపోయిన బర్రె ఇంటి నుంచి తెచ్చిన సంచిది ఎర్రగానే ఉంది.

మళ్ళీ చేశాను. ఎర్రగానే ఉంది. సంచి అడుగునుంచి, మధ్యనుంచి, పైనుంచి విడివిడిగా తీసి చేశాను. దోసిట్లో పోసుకుని చూశాను. అది కంపెనీ దాణా కాదు. ఇంటి తవుడు, కొంచెం మక్కల పొట్టు. ఊళ్ళో మిగతా ఇళ్ళ నుంచి తెచ్చిన వాటిలో ఒకదాంట్లో పత్తిచెక్క ముక్కలు ఉన్నాయి, ఇంకోదాంట్లో నూకలు. కంపెనీ దాణా ఉన్నది ఒక్కదానిలోనే.

ఎలుకలు. తర్వాత ఎవరిని అడిగినా అదే చెప్పారు. దాణా ఇంటికి రాగానే సంచిలో ఉంచరు. ఎలుకలు కొరుకుతాయి. వచ్చిన రోజే కుట్టు విప్పి డ్రమ్ములో పోసి పట్టీ బిగిస్తారు. సంచి గట్టిది కాబట్టి పారేయరు, అందులో ఇంట్లో ఉన్న ఇంకేదో పోసుకుంటారు. మేం ఫలానా కంపెనీ సంచి తెమ్మన్నాం. వాళ్ళు ఫలానా కంపెనీ సంచి తెచ్చారు.

"మరి అది దేన్తోని సచ్చింది?" అన్నాడు చాచా.

మేడం నా మొహంలోకి చూసింది. నేను పంచనామా రాసిన డ్రమ్ము మూత నాకు కనబడింది. కాగితాల కింద నీలంగా, చేతికి కొంచెం చల్లగా.

కోడలి నంబరు నా దగ్గర ఉంది. స్విచ్ ఆఫ్. గోలీల కంపెనీలో గేటు దగ్గరే ఫోన్లు లాకరులో పెట్టించుకుంటారు, షిఫ్టు అయ్యేదాకా ఇవ్వరు. ముసలమ్మకు ఫోన్ లేదు. ఊళ్ళో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. కంపెనీ గేటుకు ఫోన్ చేస్తే సెక్యూరిటీవాడు హిందీలో, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. పోలేదన్నాను. అయితే షిఫ్టు మధ్యలో పిలవడం కుదరదన్నాడు. ఒక బర్రె అని చెప్పబోయేసరికి పెట్టేశాడు.

మేడం అప్పటికే మందుల పెట్టె తీసుకుని మెట్లు దిగుతోంది. "వెనిగర్ కావాలె. చాలా కావాలె. మన స్టోర్ల ఒక్క సీసా గూడ లేదు" అంది. పొట్టలో అమ్మోనియా పుట్టడం ఆగాలంటే పులుపు పోయాలి. వెనిగరూ, చల్లటి నీళ్ళూ, ఎన్ని పడితే అన్ని.

"వెనిగర్ ఏడ దొర్కుతదో నాకెరుక" అన్నాడు చాచా. జీపును రుద్రారంలో యూనివర్సిటీ ఎదురుగా, హాస్టలు పిల్లలు నూడుల్స్ తినే బండ్ల వరుస ముందు ఆపాడు. ఇంకా కాలేజీ వదల్లేదు, బండ్లవాళ్ళు క్యాబేజీ తరుక్కుంటున్నారు. చాచా ఒక్కొక్క బండి దగ్గరా వెనిగర్ సీసాలు అడుగుతూ పోతుంటే నేను వెనక డబ్బులు ఇచ్చుకుంటూ పోయాను.

"గిన్ని సీసాలేంది చాచా, షాదీ ఉన్నదా?" అన్నాడు ఒకతను.

"బర్రెకు."

"బర్రెకు నూడుల్సా?"

"నూడుల్స్ నువ్వు తిను. జల్దీ ఇయ్యి" అన్నాడు చాచా. అతను నవ్వుతూనే తన దగ్గరున్న సగం సీసా కూడా ఇచ్చి, దానికి డబ్బు తీసుకోలేదు.

షిఫ్టు మారే టైము. రోడ్డు నిండా కంపెనీ బస్సులు. ఒక్కొక్క బస్సు ఆగుతుంది, టిఫిను డబ్బాలతో జనం దిగుతారు, మళ్ళీ కదులుతుంది. వాటి వెనక మేం. మేడం ఒళ్ళో గొట్టం పెట్టుకుని దాన్ని చుట్టలు చుడుతూ, విప్పుతూ కూర్చుంది. కుడితి తాగించేది ఏ టైముకో ముగ్గురికీ తెలుసు.

మేం పోయేసరికి ముసలమ్మ వాకిట్లోనే ఉంది. "రాండ్రి బిడ్డా, మల్లొచ్చిన్రా" అని నవ్వింది. ఆమె వెనక కొట్టంలో బర్రె తల గోలెంలో ఉంది. తాగుతున్న చప్పుడు వీధిలోకి వినబడుతోంది. ఆకలి మీద ఉన్న పశువు చేసే తృప్తి చప్పుడు. నేను ఇప్పటిదాకా విన్నవాటిలో నన్ను అంత భయపెట్టిన చప్పుడు ఇంకోటి లేదు.

చాచా తలుగు పట్టుకుని లాగాడు. నేను గోలెం అంచుకు కాలు తన్నిపెట్టి మెడ నెట్టాను. సూడి బర్రెను నెట్టడమంటే గోడను నెట్టడమే. అది తల ఎత్తి, మూతి నుంచి కుడితి కారుతుండగా, ఎందుకు లాగుతున్నారన్నట్టు చూసింది. గోలెంలో సగం పోయింది.

"గట్ల గుంజుతరేంది, సూడిది" అంది ముసలమ్మ కోపంగా.

"అవ్వా, దీంట్ల ఏం కలిపినవ్?" అన్నాను.

"మంచిదే కలిపిన. రోజు రెండు పాళ్ళు డ్రమ్ములది, ఒక పాలు సంచిది కలుపుతం. సంచిది పాడుదని మీరు తీస్కపోతిరి. డ్రమ్ములది మంచిదని ఇడ్సిపెట్టి పోతిరి. నిన్న భయానికి ఉత్త గడ్డే ఏసిన. ఇయ్యాల ఇగ అదే నానబెట్టిన, జెర ఎక్కువనే. రెండు పానాల మనిషాయె."

ఆమె లెక్క సరైనదే. ప్రభుత్వం వచ్చి, చూసి, సీలు వేసి, ఒకటి తీసుకుపోయి ఒకటి వదిలిపెట్టింది. వదిలిపెట్టినది మంచిది అనుకోక ఏమనుకుంటుంది?

చెవులు ముందు మొదలయ్యాయి. ఈగలను తోలుకుంటున్నట్టు ఒకటి, తర్వాత రెండూ. తర్వాత పెదవి. ఆ తర్వాత పళ్ళు. రాయి మీద రాయి పెట్టి మెల్లగా తిప్పుతున్నట్టు ఒక చప్పుడు, అది దాని తలలోంచి వస్తున్నట్టు కాక, మేం నిలబడ్డ నేలలోంచి వస్తున్నట్టు ఉంది. కోడలు మొన్న రాత్రి బయటికి ఎందుకు వచ్చేసిందో అర్థమైంది.

మేడం నోట్లో కట్టె అడ్డం పెట్టి గొట్టం దించింది. "పొయ్యి" అంది. నేను గరాటులో వెనిగరు పోశాను, చాచా బోరు నీళ్ళు తెచ్చి పోశాడు. సీసా తర్వాత సీసా. కడుపు ఎడమ పక్క ఉబ్బుకొస్తుంటే మేడం అక్కడ చేత్తో తట్టి చూసి, డొల్ల చప్పుడు విని, సూది గొట్టం గుచ్చింది. గాలి సన్నగా ఈలలా వచ్చింది, దానితో ఆ వాసన. ముసలమ్మకు అప్పుడు అర్థమైంది. గోలెం దగ్గరికి పోయి, దాన్ని ఒక్కతే పక్కకు వంచే ప్రయత్నం చేస్తూ ఉండిపోయింది. సగం నిండిన గోలెంనైనా ఆమె ఎక్కడ వంచగలదు?

బర్రె ముందు మోకాళ్ళ మీదికి వచ్చింది. అలాగే ఉండిపోయింది, పడకుండా, లేవకుండా.

కోడలు కంపెనీ బస్సు దిగి సందులోకి వచ్చింది అప్పుడు. చేతిలో ఫోన్ ఉంది, ఇప్పుడే ఆన్ చేసినట్టుంది, నా మిస్డ్ కాల్స్ అన్నీ వరుసగా చప్పుడు చేస్తున్నాయి. వాకిట్లో జీపును చూసి నడక ఆపింది. కొట్టంలోకి రాలేదు. అక్కడి నుంచే, చాలా మామూలుగా, "ఇది గూడనా?" అంది.

నేను తలూపాను.

వచ్చి టిఫిను డబ్బా కింద పెట్టి, బర్రె తలను రెండు చేతులతో తన కడుపుకు ఆనించి పట్టుకుంది. పళ్ళ చప్పుడు ఆమె చీరలోకి పోయి తగ్గింది. అలా ఎంతసేపు ఉందో చెప్పలేను. వెనిగర్ అయిపోయింది, నీళ్ళు పోస్తూనే ఉన్నాం. ఒక దగ్గర మేడం చెయ్యెత్తి ఆగమంది. చప్పుడు లేదు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, అది పోయిందనే అనుకున్నాం. బర్రె పెద్దగా తేన్పు వదిలింది. కాసేపటికి లేచి నిలబడింది.

"ఇగ బతుకుతది" అంది మేడం. కడుపు మీద చెయ్యి పెట్టి లోపలి దూడ కదలిక కోసం చాలాసేపు చూసింది. "ఇది గూడ ఉన్నది" అంది తర్వాత.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో డ్రమ్ములు తెరిపించడం మొదలుపెట్టాం. చట్టం ఎంత మేర ఉందో అక్కడ తెలిసింది. లేబుల్ తప్పుగా ఉంటే అది నేరం. కానీ డ్రమ్ములో పోసిన దాణాకు లేబులే లేదు. దాన్ని పట్టుకోవడానికి మా దగ్గర కాగితం లేదు. పారబోయండని బతిమాలాలి. స్టీలు గ్లాసుల్లో సోయా పిండి కలిపి, లిట్మస్ కాగితాలు నీలంగా మారడం ఇల్లిల్లూ చూపించాను. కొందరు పారబోశారు. ఒకాయన చేతులు కట్టుకుని నిలబడి, "కాయితం రంగు మారితే నా దాణా పారబొయ్యాల్నా? దీని మీద కంపెనీ పేరున్నదా? ఏం రాసుకుంటవ్ నీ పుస్తకంల?" అన్నాడు. వెనక నుంచి కోడలు వచ్చింది. ఆ రోజూ డ్యూటీకి పోలేదు. "మామా, మా ఇంటెన్కకొచ్చి వాసన సూసిపో. బొంద ఇంక పూడ్వలే" అంది. ఆయన పోలేదు. అయితే మధ్యాహ్నానికి ఆయన డ్రమ్ము బోర్లా ఉంది.

కేసు నడుస్తోంది. దుకాణం గదిలో సీలు వేసిన సంచుల మీద ల్యాబు రిపోర్టు వచ్చింది. మొదటి బర్రె పోస్టుమార్టం రిపోర్టు ఫైలులో ఉంది. రెండో బర్రె గురించి ఫైలులో ఒక్క మాట లేదు. ఉండటానికి వీల్లేదు. అది తాగింది లేబుల్ లేని దాణా.

నాకు కొన్ని అలవాట్లు పట్టుకున్నాయి. ఇంట్లో ఎవరైనా రోట్లో పొడిగా ఏదైనా నూరితే నేను లేచి బయటికి పోతాను. గదిలో కిటికీలోంచి ఫ్యాక్టరీ వాసన వస్తే నాతో ఉండే మిగతావాళ్ళు కిటికీ మూస్తారు, నేను ఏ వాసనో గుర్తుపట్టేదాకా అక్కడే నిలబడతాను. ఎవరి ఇంట్లో నీలం డ్రమ్ము కనబడినా మూత తీసి చూడాలనిపిస్తుంది. ఒకసారి చుట్టాల పెళ్ళిలో తీశాను కూడా. అందులో మంచినీళ్ళు ఉన్నాయి.

ఈమధ్య కోడలికి కోర్టు సాక్షి నోటీసు ఇవ్వడానికి ఆ ఊరు పోవాల్సి వచ్చింది. బర్రె ఈనింది. పెయ్యదూడ, గట్టిగానే ఉంది. నేను పోయేసరికి సాయంత్రం అవుతోంది. ఆమె పొద్దుటి షిఫ్టుకు మార్చుకున్నానని చెప్పింది, కుడితి కలిపే పని ఇప్పుడు అత్తకు ఇవ్వదట. ముసలమ్మ గడప మీద నుంచి లేచి లోపలికి పోయింది.

గోలెం పక్కన కొత్త సంచి ఉంది. వేరే కంపెనీ. దాణా సంచిలోనే ఉంది, డ్రమ్ము లేదు. ఒక మూల ఎలుకలు కొరికిన చోట గుడ్డపీలిక కుక్కి ఉంది. అలవాటు కొద్దీ వంగి మొత్తం చదివాను. అన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పు లేదు.

"మంచిదేనా తమ్మీ?" అంది.

"రాసింది మంచిగనే ఉందక్కా."

ఆమె గోలెంలో చెయ్యి ముంచి, దోసిట్లోకి కొంచెం తీసుకుని నాలుక మీద వేసుకుంది. ఉమ్మలేదు. నోట్లో ఉంచుకుని నిలబడింది. ఒక చేత్తో బర్రె తలుగు పట్టుకుని ఉంది. బర్రె గోలెం వైపు గుంజుతోంది. దాని వెనక దూడ గుంజుతోంది.

"రోజూ ఇట్లనే చేస్తున్నవా?" అన్నాను. "గుప్పెడు కవర్ల పోసి పంపియ్యక్కా. నేను చూసి చెప్త."

నోట్లోది మింగింది. "నువ్వు సెప్పేసరికి ఏ పొద్దైతది?" అంది, కోపం లేకుండా.

యూరియాకు వాసన ఉండదు. నాలుక మీద వేసుకుంటే కొద్దిగా చల్లగా, ఉప్పగా, చివర చేదుగా ఉంటుంది. తవుడు, బెల్లం మడ్డి, ఉప్పు కలిసిన కుడితిలో అది తెలుస్తుందో లేదో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. నోటీసు కాగితం జేబులో పెట్టుకుని, వేలు ముంచి నేనూ నాలుక మీద రాసుకున్నాను. తియ్యగా ఉంది, ఉప్పగా ఉంది. చల్లదనం కోసం వెతికాను. బోరు నీళ్ళు ఎలాగూ చల్లగానే ఉంటాయి.

బర్రె మళ్ళీ గుంజింది. ఆమె తలుగును మణికట్టుకు ఇంకో చుట్టు వేసుకుంది.

"ఏమంటవ్?" అంది.

"ఇంకొంచెంసేపు ఆగుదామక్కా" అన్నాను.

ఇద్దరం గోలెంకు చెరో పక్క నిలబడ్డాం.